కనుమ మూసుకుపోతుంటే ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీకు ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత, లేదు. ఒకే పిస్టన్ ఇంజన్ ఉన్న నాలుగు సీట్ల విమానంలో ఒక పర్వతశ్రేణిని దాటబోతున్నారు. బయలుదేరినప్పుడు ఆకాశం బాగానే ఉండి, సగం దారిలో మేఘాలు కిందికి దిగడం మొదలైతే లోయలోకి దిగి వాటి కింద నుంచి వెళ్లడం మేలా, సందు చూసుకుని వాటి పైకి ఎక్కడం మేలా, అసలు ఎంతవరకు ముందుకు వెళ్లవచ్చు అని అడిగారు. పర్వత ప్రాంతాల్లో చాలాకాలం ఎగిరి, ఇతరులకు నేర్పిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. ఇందులోని లెక్కలు సాధారణ సూత్రాలకు సంబంధించినవి కాబట్టి మీ విమానానికి వర్తించే కచ్చితమైన అంకెలను దాని హ్యాండ్‌బుక్‌లోనే చూసుకోవాలి.

కిందినుంచా, పైనుంచా అన్నది తరవాత తేల్చుకోవలసిన సంగతి. దానికంటే ముందు, ఈ క్షణంలో విమానాన్ని వెనక్కి తిప్పడానికి చోటు ఉందా లేదా అన్నది తేలాలి. మైదానం మీద వాతావరణం చెడినప్పుడు ముందుగా తగ్గేది చూపు. పర్వతాల మధ్య చాలా సందర్భాల్లో చూపు ఇంకా బాగానే ఉండగానే తిరిగే చోటు అయిపోతుంది. పైలట్ కళ్లు ఎదుటి కనుమ మీద ఉంటాయి, అక్కడ ఇంకా వెలుతురు కనిపిస్తూ ఉంటుంది, ఆ వెలుతురును చూస్తూ చూస్తూనే రెండు పక్కల కొండలు దగ్గరపడిన లోయలోకి వెళ్లిపోతాడు. అందుచేత ఎంతవరకు ముందుకు వెళ్లవచ్చన్న మీ ప్రశ్నకు కిలోమీటర్లలో సమాధానం లేదు. వెనక్కి తిరగడానికి కావలసిన వెడల్పు రెక్కల పక్కన మిగిలి ఉన్నంతవరకే వెళ్లవచ్చు.

ఆ వెడల్పు ఎంతో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మలుపు వ్యాసార్థం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, బ్యాంక్ కోణం, అంటే విమానం పక్కకు వాలిన కోణం, పెరిగేకొద్దీ తగ్గుతుంది. గాలిలో 100 నాట్ల (గంటకు సుమారు 185 కిలోమీటర్ల) నిజవేగంతో 30 డిగ్రీల బ్యాంక్‌లో వెనక్కి తిరగడానికి సుమారు 930 మీటర్ల అడ్డం కావాలి. అదే బ్యాంక్‌తో 70 నాట్లకు తగ్గితే సుమారు 460 మీటర్లు చాలు. వేగాన్ని మూడో వంతు కూడా తగ్గించకుండానే కావలసిన చోటు సగానికి పడిపోయిందన్నమాట. బ్యాంక్‌ను 45 డిగ్రీలకు పెంచితే 100 నాట్ల దగ్గర 540 మీటర్లు సరిపోతాయి గాని, ఎత్తు కోల్పోకుండా తిరిగేటప్పుడు స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం, దాదాపు 19 శాతం పెరుగుతుంది. రెక్కలు సమంగా ఉన్నప్పుడు 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం ఆ మలుపులో 60 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది. ఇక ఎత్తు సంగతి కూడా ఉంది. 10,000 అడుగుల ఎత్తులో, ప్రామాణిక ఉష్ణోగ్రత వద్ద, వేగమాపకం 100 నాట్లు చూపిస్తున్నప్పుడు నిజవేగం సుమారు 116 నాట్లు ఉంటుంది. కాబట్టి 30 డిగ్రీల బ్యాంక్‌తో తిరగడానికి 1,260 మీటర్లకు పైగా అడ్డం కావాలి. సముద్రమట్టం దగ్గర సాధన చేసిన మలుపు కంటికి గుర్తుండిపోయి, అంతే చోటులో ఇక్కడా తిరగవచ్చని పైలట్ అనుకుంటాడు. పర్వతాల్లో ఈ నమ్మకమే ప్రమాదకరం.

కాబట్టి మేఘాలు దిగుతున్నాయని అనుమానం కలిగిన వెంటనే మొదట చేయవలసింది వేగం తగ్గించడం. హ్యాండ్‌బుక్ అనుమతించిన మేరకు కొద్దిగా ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దింపి, స్టాల్‌కు తగినంత దూరం ఉంచుకుంటూ నెమ్మదిగా వెళితే మలుపుకు కావలసిన చోటు తగ్గడమే కాదు, ఆలోచించుకోవడానికి సమయమూ పెరుగుతుంది. 100 నాట్ల వేగమంటే సెకనుకు సుమారు 51 మీటర్లు. చూపు 5 కిలోమీటర్లు ఉంటే కనిపించే చివరి బిందువును చేరడానికి నిమిషంన్నర పైగా పడుతుంది; 1,500 మీటర్లే ఉంటే 30 సెకన్లు కూడా పట్టదు. బయటికి కంటితో చూస్తూ ఎగరడానికి, అంటే వీఎఫ్‌ఆర్‌కు, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కనీస చూపు దిగువ ఎత్తుల్లో 5 కిలోమీటర్లు. అదుపు లేని గగనతలంలో, తక్కువ వేగంతో వెళ్లేవారికి దాన్ని 1,500 మీటర్ల దాకా సడలించే వీలు ఆయా దేశాల అధికారులకు ఉంది. చట్టం ఒప్పుకుంటుంది కదా అని ఆ 1,500 మీటర్లతో లోయలోకి వెళ్లడం నా ఉద్దేశంలో ఎంతమాత్రం తగదు. చట్టం చెప్పేది కనీసం; ఆ సడలింపు లోయ వెడల్పును చూసి పెట్టినది కాదు.

లోయలో ఎక్కడ ఎగరాలన్నది కూడా ఈ లెక్కకు సంబంధించినదే. కొత్తవారు సహజంగానే రెండు కొండలకూ సమదూరంలో, మధ్యగా వెళతారు. భద్రంగా అనిపించినా అది అన్నింటికంటే చెడ్డ చోటు, ఎందుకంటే ఎటు తిరిగినా సగం వెడల్పే దొరుకుతుంది. ఒక పక్కకు చేరి ఎగిరితే లోయ మొత్తం వెడల్పు మలుపుకు మిగులుతుంది. ఏ పక్క అన్నది గాలి చెబుతుంది. గాలి వచ్చి తాకే వాలు పక్కన ఎగిరితే అక్కడ గాలి కొండను ఎక్కుతూ ఉంటుంది కాబట్టి విమానానికి కొంత ఎత్తు ఉచితంగా దొరుకుతుంది. పైగా తిరగవలసి వచ్చినప్పుడు గాలికి ఎదురుగా తిరుగుతారు కాబట్టి నేల మీద మలుపు చిన్నదవుతుంది. అవతలి పక్కన ఎగిరితే దిగే గాలి విమానాన్ని కిందికి తొక్కుతుంది, మలుపు తిరగగానే వెనకగాలి ఎదుటి కొండ మీదికి నెడుతుంది.

ఇప్పుడు మీరు చెప్పిన మొదటి మార్గానికి, అంటే మేఘాల కింద లోయలో వెళ్లడానికి వద్దాం. కనుమ వైపు వెళ్లేకొద్దీ లోయ అడుగు పైకి లేస్తుంది, పైనుంచి మేఘం దిగుతుంది, పక్కల నుంచి కొండలు దగ్గరవుతాయి. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి అక్కడ మొదలవుతుంది. నేల లేస్తున్న వేగాన్ని కన్ను సరిగా పట్టుకోదు. ఎదుట వాలు నేల ఉన్నప్పుడు నిజమైన దిగంతం కనబడదు కాబట్టి పైలట్ ఆ వాలునే ఆధారంగా తీసుకుని, తనకు తెలియకుండానే ముక్కును పైకి ఎత్తుతాడు. విమానం సమంగా వెళుతున్నట్టే అనిపిస్తుంది, వేగం మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. టర్బోచార్జర్ లేని ఇంజన్ ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ఎండ తోడైతే ఇంకా కష్టం. 8,000 అడుగుల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 1 డిగ్రీ. అక్కడ 19 డిగ్రీలు ఉంటే సాంద్రత ఎత్తు సుమారు 10,400 అడుగులు అవుతుంది, విమానం ఆ ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. నేల లేచే వేగం విమానం ఎక్కే వేగాన్ని మించిందంటే అప్పటికే ఆలస్యమైపోయింది. అందుకే పర్వతాల్లో ఎగిరేవారు లోయను కింది నుంచి పైకి కాక, పైనుంచి కిందికి చూసి తెలుసుకోమంటారు. తెలియని లోయలోకి కింది చివరి నుంచి మేఘాల కింద ప్రవేశించడం నేను ఎవరికీ సిఫారసు చేయను.

రెండో మార్గం, మేఘాల సందులో నుంచి పైకి ఎక్కడం, చూడటానికి హాయిగా ఉంటుంది. పైన ఎండ, కింద తెల్లని పరుపు, కుదుపులు లేని గాలి. చిక్కంతా దిగేటప్పుడే. మీరు ఎక్కిన సందు మూసుకుపోవచ్చు, అవతలి వైపు సందు దొరకకపోవచ్చు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేని పైలట్ మేఘం గుండా దిగలేడు. మేఘపు పైమట్టం కూడా పర్వతాల దగ్గర స్థిరంగా ఉండదు. గాలి కొండను ఎక్కే చోట అదీ లేస్తుంది, మీ విమానం దానితో పోటీ పడలేక చివరకు అందులోకే వెళ్లవలసి వస్తుంది. సున్నా డిగ్రీల లోపు మేఘంలో రెక్కల మీద మంచు పేరుకుంటే చిన్న విమానాలకు దాన్ని తొలగించే ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఆక్సిజన్ మాట కూడా మరిచిపోకూడదు. అమెరికా నిబంధనల ప్రకారం క్యాబిన్ ఎత్తు 12,500 అడుగులు దాటి 14,000 లోపు ఉంటే 30 నిమిషాలకు మించిన సమయానికి, 14,000 దాటితే ఉన్నంతసేపూ పైలట్ ఆక్సిజన్ వాడాలి. అంతకంటే తక్కువ ఎత్తులోనే తీర్పు మందగించడం మొదలవుతుంది, మందగించిన సంగతి ఆ మనిషికి తెలియదు. అవతలి వైపు విమానాశ్రయాల్లో ఆకాశం నిర్మలంగా ఉందని తాజా నివేదికలు చెబుతూ, తిరిగి వచ్చేందుకు సరిపడా ఇంధనం ఉంటే తప్ప ఈ దారి ఎంచుకోకూడదు.

ఈ రెంటికీ ముందు, నేల మీద ఉండగానే తేల్చుకోవలసింది మేఘపు ఎత్తు. చాలామంది చేసే పొరపాటు లెక్క ఒకటుంది. విమానాశ్రయపు వాతావరణ నివేదికలో మేఘాల ఎత్తును ఆ విమానాశ్రయపు నేల నుంచి కొలుస్తారు, విమానాశ్రయమేమో లోయలో ఉంటుంది. సముద్రమట్టానికి 2,000 అడుగుల ఎత్తున ఉన్న విమానాశ్రయం మేఘాలు 3,000 అడుగుల దగ్గర ఉన్నాయంటే, సముద్రమట్టం నుంచి అవి 5,000 అడుగుల దగ్గర ఉన్నాయని అర్థం. మీరు దాటవలసిన కనుమ 5,500 అడుగులైతే అది అప్పటికే మేఘంలో ఉంది, నివేదిక మాత్రం ఎగరడానికి అనుకూలమన్నట్టే కనిపిస్తుంది. గాలి ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) మధ్య తేడాను డిగ్రీకి 400 అడుగుల చొప్పున గుణిస్తే, ఎండకు వేడెక్కి లేచే గాలిలో మేఘాలు ఏ ఎత్తున ఏర్పడతాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆ తేడా గంటగంటకూ తగ్గుతూ ఉంటే మేఘాలు దిగబోతున్నాయని ముందస్తు సూచన చదవకుండానే తెలుస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ మార్గాలకు గాఫోర్ అనే సూచన ఇస్తారు. ఒక్కో మార్గం తెరిచి ఉందా, కష్టమా, అనుమానమా, మూసుకుందా అన్నది ఒక్క అక్షరంతో చెబుతుంది. అలాస్కాలో అమెరికా విమానయాన శాఖ కనుమల దగ్గర కెమెరాలు పెట్టింది. ఇలాంటివి ఎక్కడ దొరికితే అక్కడ వాడుకోండి, ఎందుకంటే నివేదిక లోయను గురించి చెబుతుంది, కెమెరా మీరు దాటే చోటునే చూపిస్తుంది.

నా విద్యార్థులకు నేను చెప్పే హద్దులు కఠినంగానే ఉంటాయి: కనుమ మీద కనీసం 2,000 అడుగుల ఎత్తు దాకా మేఘం ఉండకూడదు, చూపు 10 కిలోమీటర్లకు తగ్గకూడదు, శిఖరాల ఎత్తులో గాలి 20 నుంచి 25 నాట్లు దాటితే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. ఈ అంకెలతో పాటు మ్యాపు మీద కొన్ని చోట్లను కూడా గుర్తించమంటాను. ఉదాహరణకు, లోయలో ఫలానా ఆనకట్ట దగ్గరకు వచ్చేసరికి కనుమ అవతలి నేల కనబడాలి, కనబడకపోతే అక్కడే తిరగాలి. వాతావరణం ఇంకాస్త చెడితే చూద్దాం అనే నిర్ణయానికి అంతు ఉండదు, ఎందుకంటే అది కొద్దికొద్దిగానే చెడుతుంది. ఆనకట్ట మాత్రం కదలదు. శిఖరరేఖ అవతలి నేలను గమనించడం మరో విధంగానూ పనికొస్తుంది. దగ్గరవుతున్నకొద్దీ అవతలి నేల ఎక్కువెక్కువగా బయటపడుతుంటే మీరు గట్టుకంటే ఎత్తులో ఉన్నట్టు. ఉన్నది కూడా గట్టు వెనక మాయమవుతుంటే దానికంటే కిందున్నట్టు.

గట్టును సూటిగా కాక 45 డిగ్రీల కోణంలో సమీపించాలి. అప్పుడు వెనక్కి తిరగడానికి 180 డిగ్రీల మలుపు అక్కరలేదు, 90 తిరిగితే చాలు, దిగే నేల వైపు వెళ్లిపోవచ్చు. గాలికి ఎదురుగా దాటుతున్నప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అప్పుడు మీరు సమీపించేది గాలి మరుగు వైపు. అక్కడ దిగే గాలి నిమిషానికి 1,000 అడుగులకు మించి కూడా ఉండవచ్చు, ఆ ఎత్తులో మీ విమానం నిమిషానికి 300 అడుగులు ఎక్కితే గొప్ప. పూర్తి థ్రాటిల్ ఇచ్చినా కిందికి పోతున్న విమానపు ముక్కును ఎత్తి ప్రయోజనం లేదు; వేగాన్ని కాపాడుకుంటూ, నేల దిగువగా ఉన్న వైపు తిరిగి ఆ గాలి నుంచి బయటపడాలి. శిఖరాల మీద కటకపు ఆకారంలో నిశ్చలంగా నిలిచిన మేఘాలు కనిపిస్తే అది పర్వత తరంగం; వాటి కింద సుడులు తిరిగే గాలిలోకి చిన్న విమానంతో వెళ్లకూడదు.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా మేఘంలోకి వెళ్లిపోయారనుకుందాం. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో, పరికరాల సాయంతో ఎగరడంలో శిక్షణ లేని 20 మందిని మేఘంలో ఉన్న పరిస్థితి కల్పించి పరీక్షించారు. ఒక్కరూ విమానాన్ని అదుపులో నిలుపుకోలేకపోయారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు, అందరికంటే తొందరగా తప్పినవారికి 20 సెకన్లే. ఈ 178ని అందరూ చెబుతారు గాని, ఆ పరిశోధన అసలు ఉద్దేశం శిక్షణ లేనివారు మేఘంలో నుంచి వెనక్కి తిరిగి ఎలా బయటపడవచ్చో నేర్పడమన్న సంగతి తక్కువగా వినబడుతుంది. విమానం నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగితే లోపలి చెవికి తెలియదు. రెక్కలు సమంగా ఉన్నాయనే అనిపిస్తుంది, ముక్కు దిగి వేగం పెరుగుతుంది, ముక్కును ఎత్తడానికి పైలట్ కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు, సుడి ఇంకా బిగుస్తుంది. అందుకని మొదట విమానం ఎటు వాలిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ చూసి రెక్కలు సమం చేయాలి, థ్రాటిల్‌నూ ట్రిమ్‌నూ ఉన్నచోటే ఉంచి, కంట్రోల్‌ను గట్టిగా పట్టుకోకుండా రెండు మూడు సార్లు ఊపిరి పీల్చుకోవాలి. ఆటోపైలట్ ఉంటే దానికి అప్పగించాలి. ఆ తరవాతే 15 డిగ్రీలకు అటూ ఇటూగా బ్యాంక్ ఇచ్చి వచ్చిన దిక్కుకు తిరగాలి. తిరగడానికి వెడల్పు ఉందో లేదో మేఘంలోకి వెళ్లక ముందే తెలిసి ఉండాలన్న మాటను మొదటే చెప్పింది ఇందుకే. టాబ్లెట్ తెర మీద కొండలు రంగుల్లో కనిపిస్తున్నాయి కదా అని కొందరు ధైర్యం తెచ్చుకుంటారు. దారి తప్పకుండా ఉండటానికి అది మంచి పరికరమే గాని, మేఘంలో రెక్కలు సమంగా నిలిపే అలవాటును అది ఇవ్వదు.

సాంకేతిక విషయాల్లో మరో రెండు. కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్ అయితే, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు బయట 20 డిగ్రీలు ఉన్నా కార్బ్యురేటర్‌లో మంచు కట్టవచ్చు. మేఘాల కింద, వానలో, థ్రాటిల్ తగ్గించి వెళ్లడం అంటే సరిగ్గా ఆ పరిస్థితే. అల్పపీడనం వైపు వెళుతూ ఎత్తు చూపే ఆల్టీమీటర్ సెట్టింగ్ మార్చకపోతే గాలి పీడనంలో 10 హెక్టోపాస్కల్స్ తేడాకు సుమారు 280 అడుగులు మీరు అనుకున్నదానికంటే కిందుంటారు, చలి ఎక్కువగా ఉంటే ఇంకా కిందుంటారు.

ఇంత తెలిసినవారు కూడా ఎందుకు తిరగరన్నదానికి 1996 ఏప్రిల్ 11న వయోమింగ్‌లోని షయాన్‌లో జరిగిన ప్రమాదం మంచి ఉదాహరణ. ఏడేళ్ల బాలికతో అమెరికా ఖండాన్ని దాటించే ప్రయాణంలో ఒక సెస్నా, సముద్రమట్టానికి 6,000 అడుగులకు పైగా ఎత్తున్న ఆ విమానాశ్రయం నుంచి, ఉరుముల వాన దగ్గరపడుతుండగా, అనుమతించిన బరువు మించి బయలుదేరి, గాలిలోకి లేచిన కాసేపటికే స్టాల్ అయి కూలింది. ముగ్గురూ మరణించారు. మీడియాకు ముందే ప్రకటించిన ప్రయాణ కార్యక్రమాన్ని నిలబెట్టుకోవాలన్న ఆత్రం కూడా ఆ నిర్ణయానికి దోహదం చేసి ఉండవచ్చని దర్యాప్తు సంస్థ పేర్కొంది. మీ ప్రయాణంలో టీవీ కెమెరాలు ఉండకపోవచ్చు, అవతల ఎదురుచూసే బంధువులు ఉంటారు. బయలుదేరే ముందే వారికి ఫోన్ చేసి ఈరోజు రాకపోవచ్చునని చెప్పి ఉంచండి. తిరగవలసిన చోట ఇది ఎంత తేలిక చేస్తుందో మీకే తెలుస్తుంది.

తిరగడానికి చోటు లేదు, ముందు దారి మూసుకుంది, ఇంజన్ మాత్రం బాగానే ఉంది అన్న స్థితిలో, కనిపించే పొలంలోనో నది పక్క ఇసుక మీదనో శక్తి ఉండగానే దిగడం సరైన నిర్ణయం. తక్కువ వేగంతో, అదుపులో ఉన్న విమానం చెట్లను తాకినా మనుషులు బతికే అవకాశం ఉంటుంది. అదుపు తప్పి కొండను ఢీకొంటే ఉండదు. దిగకముందే, వీలైనంత ఎత్తులో ఉండగానే, అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడి, రాడార్‌కు విమానాన్ని తెలియజేసే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర సంకేతం 7700 పెట్టండి. లోయ అడుగుకు దిగాక రేడియో తరంగాలకు కొండలు అడ్డం వస్తాయి. మీ విమానంలో ప్రమాద సంకేతం పంపే పరికరం పాతదైతే ఒకసారి చూసుకోండి, ఎందుకంటే 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 సంకేతాలను పట్టించుకోవడం మానేశాయి; 406 మెగాహెర్ట్జ్ పరికరమే వాటికి వినబడుతుంది. 1930 జూన్‌లో ఆండీస్ మంచుతుఫానులో చిక్కుకున్న ఫ్రెంచ్ తపాలా పైలట్ ఆంరి గియోమె, ఇంధనం అయిపోవచ్చే దాకా ఒక సరస్సు చుట్టూ తిరిగి దాని ఒడ్డున దిగి, తరవాత రోజుల తరబడి మంచులో నడిచి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆయనకు సంకేతం పంపే సాధనం లేదు, వెతికేవారికి కనబడే ఆశా లేదు కాబట్టి నడిచాడు. మీరు మాత్రం విమానం దగ్గరే ఉండండి. పైనుంచి వెతికేవారికి నడుస్తున్న మనిషికంటే విమానమే ముందు కనబడుతుంది. చలి బట్టలు, నీళ్లు, విజిల్ మాత్రం వెనక సామాన్లలో కాకుండా చేతికి అందే చోట పెట్టుకోండి.